పెద్దాయన ఎందుకు ఓడిపోయారో చెప్పండి: రాజకీయ కథలు తీసే తెలుగు రచయితలకూ దర్శకులకూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన రచయితలకూ, దర్శకులకూ నమస్కారాలు.

తెలుగులో రాజకీయ నాయకుడి చుట్టూ అల్లిన కథ ఏది వచ్చినా, అది సినిమా అయినా వెబ్ సిరీస్ అయినా, వదలకుండా చూసే ప్రేక్షకుల్లో నేనొకణ్ణి. పురపాలక సంఘం కార్యాలయంలో గుమాస్తాగా చేరి అక్కడే పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి నాయకులనూ, తెల్లవారకముందే వాళ్ల వాకిట్లో కాగితాలు పట్టుకుని నిలబడే జనాన్నీ దగ్గర నుంచి చూశాను. ఆ అనుభవంతోనూ, ఒక నవల మీద ఉన్న అభిమానంతోనూ మీకు ఈ లేఖ రాస్తున్నాను. వయసు మళ్లిన నాయకుడి కథ చెప్పేటప్పుడు ఆయన ఎంత మహానుభావుడో, లేదా ఎంత దుర్మార్గుడో చెప్పి ఊరుకోకండి. జనం అన్నేళ్లపాటు ఆయన గుమ్మం ఎందుకు తొక్కారో, ఒకనాడు ఎందుకు మానేశారో కూడా చెప్పండి. నా విన్నపం ఇంతే. దీన్ని వివరించడానికి ఒక అమెరికన్ నవలనూ, దాన్ని తెర మీదికి తెచ్చిన రెండు ప్రయత్నాలనూ మీ ముందు పెడుతున్నాను.

ఆ నవల పేరు 'ద లాస్ట్ హుర్రా'. ఎడ్విన్ ఓకానర్ రాయగా 1956లో వెలువడింది. అమెరికా తూర్పు తీరంలో పేరు చెప్పని ఒక పెద్ద నగరానికి ఫ్రాంక్ స్కెఫింగ్టన్ మేయరు. ఆయనకు 72 ఏళ్లు. ఐరిష్ వలస కుటుంబంలో పుట్టి, పేదరికంలో పెరిగి, వార్డు స్థాయి నుంచి ఎదిగి, రాష్ట్ర గవర్నరు పదవి కూడా చూసి వచ్చిన మనిషి. ఇంకొక్కసారి మేయరుగా పోటీ చేస్తానని ప్రకటించడంతో కథ మొదలవుతుంది. కన్న కొడుక్కి రాజకీయాల మీదా, తండ్రి మీదా పెద్ద ఆసక్తి లేదు. అందుకని మేనల్లుడైన ఆడమ్ కాల్‌ఫీల్డ్‌ను పిలిచి, ఈ తరహా ఎన్నికల ప్రచారం ఇక ముందు చూడటానికి దొరకదు, నా వెంట ఉండి చూడమంటారు. ఆ యువకుడు పనిచేసే పత్రిక యజమానికి స్కెఫింగ్టన్ అంటే గిట్టదు. ఆ పగకు మూలం ఎక్కడో పాతకాలంలో ఉంది. స్కెఫింగ్టన్ తల్లి ఆ యజమాని ఇంట్లో పనిమనిషిగా ఉండేది, మిగిలిన తిండి ఇంటికి పట్టుకెళ్లిందన్న నేరం మోపి ఆమెను పనిలోంచి తీసేశారు. పనిమనిషి కొడుకు మేయరు కావడాన్ని ఆ ఇంటివారు జీవితాంతం క్షమించలేకపోయారు. పేద ఐరిష్ వలసదారులకూ, వాళ్లకంటే ముందే స్థిరపడిన ధనిక కుటుంబాలకూ మధ్య నూరేళ్లుగా పేరుకున్న వైరాన్ని రచయిత ఈ ఒక్క వంటింటి సంగతిలో పెట్టగలిగాడు.

ఓకానర్ రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 1918లో పుట్టి, రేడియోలో అనౌన్సరుగా పనిచేసి, బోస్టన్‌లో స్థిరపడి, అక్కడి పత్రికకు మారుపేరుతో టెలివిజన్ సమీక్షలు రాసినవాడు. అంటే కొత్తగా ఇళ్లలోకి వస్తున్న ఆ పెట్టె మనుషులను ఎలా మారుస్తోందో వృత్తిరీత్యా గమనిస్తూ ఉన్నవాడు. అలాంటి రచయితే తన నవలలో ముసలి మేయరు ఓటమికి టెలివిజన్‌ను ఏకైక కారణంగా చూపలేదన్న సంగతిని మీరు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

నవలలో నగరం పేరు లేకపోయినా అది బోస్టన్ అనీ, స్కెఫింగ్టన్ వెనుక ఉన్నది జేమ్స్ మైకేల్ కర్లీ అనీ ఆనాటి పాఠకులందరికీ తెలుసు. 1874లో పుట్టిన కర్లీ నాలుగుసార్లు, నాలుగు వేర్వేరు దశాబ్దాల్లో, బోస్టన్ మేయరయ్యారు. 1935 నుంచి 1937 వరకు మసాచుసెట్స్ గవర్నరుగా ఉన్నారు. తనను నమ్ముకున్న మనిషికి ఉద్యోగం రావాలని అతని బదులు తానే ప్రభుత్వ పరీక్ష రాసి 1904లో జైలుకు వెళ్లారు. జైల్లో ఉండగానే నగర పాలక మండలికి ఎన్నికయ్యారు. ఆయన తల్లి ఆఫీసుల్లో నేల తుడిచి పిల్లల్ని పెంచింది. మేయరయ్యాక, నగర కార్యాలయంలో నేల తుడిచే ఆడవాళ్లు మోకాళ్ల మీద వంగి పనిచేయాల్సిన అవసరం లేకుండా పొడుగు కర్ర ఉన్న తుడుపుగుడ్డలు ఇప్పించారని చెబుతారు. అదే కర్లీ ఇరవైకి పైగా గదులున్న పెద్ద భవంతి కట్టుకుని, కిటికీ తలుపుల్లో ఐరిష్ వారి మూడాకుల గుర్తు చెక్కించుకున్నారు. మేయరు జీతంతో అంత ఇల్లు ఎలా వచ్చిందన్న ప్రశ్న ఆయనను చివరిదాకా వెంటాడింది. 1947లో మేయరుగా ఉంటూనే తపాలా ద్వారా మోసం చేశారన్న కేసులో ఫెడరల్ జైల్లో ఐదు నెలలు గడిపారు. అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ శిక్ష తగ్గించడంతో బయటికి వచ్చారు. తుడుపుగుడ్డలూ నిజమే, జైలూ నిజమే. ఈ రెంటిలో ఒకదాన్ని దాచి రెండోదాన్ని చూపే కథలు మనకు కొదవ లేదు. రెంటినీ ఒకే మనిషిలో పెట్టి చూపించే ధైర్యం మీనుంచి ఆశిస్తున్నాను.

నవలలో మీరు తప్పక చదవాల్సిన ఘట్టం ఒక చావు ఇల్లు. నాకో మినిహన్ అనే మనిషి చనిపోతాడు. బతికినన్నాళ్లూ ఎవరికీ పెద్దగా గిట్టనివాడు. ఐరిష్ కేథలిక్ ఇళ్లలో పార్థివ దేహాన్ని ఇంట్లో ఉంచి, బంధుమిత్రులు రాత్రి పొద్దుపోయేదాకా వచ్చి కూర్చునే ఆచారం ఉంది. నాకో ఇంటికి ఎవరూ రాకపోవచ్చు. స్కెఫింగ్టన్ పనిగట్టుకుని ఆ ఇంటికి వెళ్తారు. మేయరు అక్కడున్నారని తెలియగానే కాంట్రాక్టర్లు, వార్డు నాయకులు, ఉద్యోగాలు కోరేవాళ్లు అందరూ వచ్చేస్తారు. ఇల్లు నిండిపోతుంది. మాటలన్నీ ఎన్నికల గురించే. వెంట వచ్చిన మేనల్లుడికి ఇది రోత పుట్టిస్తుంది, శవం పక్కన రాజకీయ సభ పెట్టారే అని మనసులో బాధపడతాడు. అప్పుడు స్కెఫింగ్టన్‌కు చిరకాల సహచరుడైన జాన్ గోర్మన్ ఆ కుర్రవాడికి అసలు సంగతి విడమరిచి చెబుతాడు: పెద్దాయన రాకపోతే ఈ గదిలో విధవరాలు తప్ప ఇంకెవరూ ఉండేవాళ్లు కాదు, ఇంతమంది వచ్చారన్న తృప్తి ఆమెకు మిగిలింది. అదే సందర్భంలో స్కెఫింగ్టన్ ఆ గెర్ట్ మినిహన్‌కు వెయ్యి డాలర్లు ఇస్తారు. దానంగా ఇస్తే ఆమె తీసుకోదు కాబట్టి, చనిపోయిన తన భార్య ఆమె కోసం విడిచి వెళ్లిన సొమ్మని అబద్ధం చెబుతారు. ఇక ఆమె అమాయకత్వాన్ని ఆసరా చేసుకుని ఖరీదైన శవపేటిక అంటగట్టిన అంత్యక్రియల వ్యాపారిని పక్కకు పిలిచి, నగరంలో వ్యాపారం చేసుకోవాలని ఉందా లేదా అన్నట్టు మాట్లాడి, బిల్లును నామమాత్రానికి దించుతారు.

ఈ ఒక్క ఘట్టంలో జాలి ఉంది, లెక్క ఉంది, బెదిరింపు ఉంది. వ్యాపారిని బెదిరించడానికి వాడింది మేయరు పదవి. ఆ అధికారం ఆయన సొంతది కాదు, నగర ప్రజలది. అది మంచి పనికే వాడినా బెదిరింపు బెదిరింపే. రేపు ఇదే అధికారాన్ని ఎవరి మీద ఎందుకు వాడతారో చెప్పలేం. రచయిత మాత్రం ఎక్కడా వేలు పెట్టి ఇది తప్పు, ఇది ఒప్పు అని చూపించడు. పరామర్శ అనేది తెలుగు నేల మీద ఎంత పెద్ద రాజకీయ కార్యమో మీకు వేరే చెప్పక్కర్లేదు. పెద్దకర్మ నాడు నాయకుడు వచ్చి ఫొటోకు దండ వేసి, పది నిమిషాలు కూర్చుని, ఇంటి పెద్దకొడుకు చేతిలో కవరు పెట్టి వెళ్లడం మన ఊళ్లలో నిత్యం జరిగేదే. తెర మీద ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా నాయకుడి కారు దిగే కాలు, చుట్టూ కెమెరాలు, వెనుక సంగీతం కనిపిస్తాయి. ఆ కవరు అందుకునే చెయ్యి కనిపించదు. అది అందుకోవడం వల్ల ఆ ఇంటికి కలిగిన ఊరట, దానితోపాటు మెడకు చుట్టుకున్న మొహమాటం కనిపించవు. మన కథకు ఊపిరి అక్కడే ఉంది.

ఇప్పుడు ఓటమి సంగతి. స్కెఫింగ్టన్ మీద కెవిన్ మెక్‌క్లస్కీ అనే యువకుడు పోటీకి దిగుతాడు. మంచి రూపం, యుద్ధంలో పనిచేసిన పేరు, చక్కని కుటుంబం ఉన్నాయి గాని పరిపాలన అనుభవం ఏమీ లేదు. టెలివిజన్‌లో కనిపిస్తాడు. గెలుపు తమదేనని పాత తరం అంతా ధీమాగా ఉండగా మేయరు ఓడిపోతారు. ఆ ఓటమి దెబ్బకు గుండె జబ్బు పడి మంచం ఎక్కుతారు. ఎందుకిలా జరిగిందని అయోమయంలో ఉన్న మేనల్లుడికి, జాక్ మాంగన్ అనే అతని ఈడు రాజకీయ యువకుడు ఒక వివరణ ఇస్తాడు. నవల మొత్తానికీ మూలస్తంభం అదే. పూర్వం మనిషికి ఉద్యోగం కావాలన్నా, చలికాలం బొగ్గు కావాలన్నా, ఆసుపత్రి ఖర్చు కావాలన్నా వార్డు నాయకుడి దగ్గరికి తప్ప వెళ్లడానికి ఇంకో చోటు లేదు. అన్నీ ఆయన చేతిలో ఉండేవి కాబట్టి ఓట్లు కూడా ఆయన చేతిలో ఉండేవి. అధ్యక్షుడిగా రూజ్‌వెల్ట్ వచ్చి ఆ పంపకాన్ని స్థానిక నాయకుల చేతుల్లోంచి తీసి కేంద్ర ప్రభుత్వం చేతిలో పెట్టాడు. 1935లో వచ్చిన సామాజిక భద్రత చట్టంతో వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ భృతి హక్కుగా వచ్చేశాయి. మార్పు ఒక్క రాత్రిలో రాలేదు, ఒక తరం పట్టింది. పాత తరం అలవాటుకొద్దీ మేయరుకు ఓటేసింది. ఆయన అవసరం ఎరగని కొత్త తరం ఎదిగి వచ్చిన రోజున ఆయన ఓడిపోయారు. మెక్‌క్లస్కీ కాకపోతే మరొకరు గెలిచేవారు.

చరిత్రకారులు ఈ సిద్ధాంతాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. కేంద్రం నుంచి వచ్చిన పనులనూ డబ్బునూ తమ చేతుల మీదుగా పంచి మరింత బలపడిన నగర నాయకులు కూడా ఆ కాలంలోనే ఉన్నారని వాళ్లు చూపించారు. ఆ వాదనలో నిజం ఉంది. అయినా ఒక నవలాకారుడు తన కథానాయకుడి పతనానికి అతని గుణదోషాల్లో కాక, ప్రభుత్వం పనిచేసే తీరులో కారణం వెతకడం అపురూపమైన విషయం. నాకు తెలిసినంతలో తెలుగు తెర మీద ఆ పని ఎవరూ చేయలేదు.

ఈ నవలను 1958లో జాన్ ఫోర్డ్ సినిమాగా తీశాడు. ఫ్రాంక్ న్యూజెంట్ చిత్రానువాదం చేశాడు. స్పెన్సర్ ట్రేసీ మేయరుగా నటించాడు. అప్పటికి ట్రేసీకి 58 ఏళ్లే, అయినా నెరిసిన ఆ జుట్టు, అలసిన ఆ నడక చూస్తే 72 ఏళ్ల మనిషి కాదని ఎవరూ అనలేరు. వయసును మేకప్ డబ్బాతో కాక కళ్లతోనూ నడకతోనూ చూపించిన నటన అది. పొద్దున నిద్ర లేచి చనిపోయిన భార్య చిత్రపటం ముందు పువ్వు ఉంచి, ఆ తర్వాతే కిందికి దిగి వాకిట్లో జనాన్ని కలుసుకునే దృశ్యాన్ని నేను మరచిపోలేను. ఎన్నికల రాత్రి దృశ్యం ఇంకా గొప్పది. ఓడిపోయిన మేయరు చీకట్లో ఒంటరిగా ఇంటికి నడిచి వెళ్తుంటే, వెనుక వీధిలో గెలిచినవాడి ఊరేగింపు దీపాలతో ఎదురు దిశలో సాగిపోతుంది. ఒక్క మాట లేదు. ఐరిష్ వలస దంపతుల కొడుకైన ఫోర్డ్‌కు ఆ మనుషుల మీద ఎంత ప్రేమో ప్రతి దృశ్యంలోనూ తెలుస్తుంది.

ఆ ప్రేమే సినిమాను దారి తప్పించిందని నా అభిప్రాయం. నవలకు మూలస్తంభమని నేను చెప్పిన ఆ వివరణకు సినిమాలో చోటు దొరకలేదు. దాని స్థానంలో ప్రత్యర్థి వెర్రివాడయ్యాడు. మెక్‌క్లస్కీ టెలివిజన్ కార్యక్రమంలో భార్య ఎదురుగా ఉన్న అట్టల మీది మాటలు తడబడుతూ చదువుతుంది, ఇంట్లో లేని కుక్కను ఎక్కడినుంచో తెచ్చి పెడితే అది మొరుగుతూ ఉంటుంది. నవ్వు వస్తుంది, కాదనను. కాని ఆ నవ్వుకు మనం చెల్లించే మూల్యం పెద్దది. ఎదుటివాడు అంత తెలివితక్కువవాడైతే అతనికి ఓటేసిన లక్షల మంది ఏమవుతారు? పెద్దాయన ఓటమి జనం చేసిన అన్యాయంగా, కృతఘ్నతగా మారిపోతుంది. బ్యాంకు పెద్దలు పేదల ఇళ్లకు అప్పు ఇవ్వనంటే, మేయరు వాళ్లలో ఒకరి అమాయకపు కొడుకును అగ్నిమాపక శాఖ అధిపతిగా నియమించి, ఆ పరువు పోకుండా ఉండాలంటే అప్పు ఇవ్వమని బేరం పెట్టే ఘట్టం కూడా అంతే. సినిమాలో అది చమత్కారంగా సాగిపోతుంది. ఒక నగరం అగ్నిమాపక శాఖను బేరానికి పావుగా వాడటం ఎంత ప్రమాదమో ఆలోచించే వ్యవధి ప్రేక్షకుడికి ఇవ్వరు.

1977లో కారల్ ఓకానర్ అనే నటుడు ఇదే నవలను టెలివిజన్ కోసం తానే రాసుకుని, తానే స్కెఫింగ్టన్‌గా నటించాడు. నవలాకారుడి ఇంటిపేరూ ఇతనిదీ ఒకటే అయినా ఇద్దరూ వేర్వేరు మనుషులు. దర్శకుడు విన్సెంట్ షెర్మన్. మేయరు ఓటమిలో వేలు ఉన్న టెలివిజనే ఇరవై ఏళ్ల తర్వాత ఆయన కథను ఇంటింటికీ చేర్చడం గమనించదగ్గ సంగతి. ఒక నటుడికి ఈ పాత్ర మీద అంత మోజు కలగడానికి కారణం ఊహించగలను. నటుడు కోరుకునేవన్నీ ఇందులో ఉన్నాయి: మాటకారితనం, ఒంటరితనం, ఓటమి, మరణం. పాత్ర ఇంత ఆకర్షణీయంగా ఉండటమే దాన్ని తెరకెక్కించేవాళ్లకు పెద్ద చిక్కు. నటుణ్ణి చూస్తూ చూస్తూ నగరాన్ని మరచిపోతాం.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం మరొకటి ఉంది. నిజమైన కర్లీని 1949లో ఓడించింది టెలివిజన్‌లో మెరిసే యువకుడు కాదు. జాన్ హైన్స్ అనే నగర కార్యాలయ ఉద్యోగి. ఏళ్లతరబడి ఆ కార్యాలయంలోనే పనిచేసి సిటీ క్లర్కు అయిన మనిషి. కర్లీ జైల్లో ఉన్న ఐదు నెలలూ రాష్ట్ర శాసనసభ హైన్స్‌ను తాత్కాలిక మేయరుగా నియమించింది. ఆయన నిశ్శబ్దంగా పని చేసుకుపోయాడు. కర్లీ తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్న మొదటి రోజే, తాను లేని ఐదు నెలల్లో జరగనంత పని ఈ ఒక్కరోజులో చేశానని పత్రికలవాళ్లతో అన్నారు. ఆ మాట హైన్స్‌ను గాయపరిచింది. పోటీకి దిగాడు, గెలిచాడు. ఆ తర్వాత కర్లీ మళ్లీ ప్రయత్నించినా మేయరు పదవి దక్కలేదు. నవలలోనూ, సినిమాలోనూ ఈ మనిషి లేడు. ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి కాబట్టి నాకు ఇది పట్టింపుగా ఉండవచ్చు. అయినా అడుగుతున్నాను: నాయకుడి దయ మీద కాకుండా కార్యాలయం పనితీరు మీద నగరం నడవవచ్చునని జనానికి మొదటిసారి అనిపించిన ఆ క్షణం ఎంత గొప్ప కథ! మీలో ఎవరైనా దాన్ని రాస్తే మొదటి టికెట్టు కొనేవాళ్లలో నేనుంటాను.

ఇదంతా మనకెందుకని మీరు అడగవచ్చు. మన దగ్గర ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా అదే కాబట్టి చెబుతున్నాను. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వితంతు పింఛను జాబితాలో పేరు ఎక్కాలంటే కౌన్సిలరు సిఫారసు లేఖ కావాలి. సిగరెట్ పెట్టె అట్ట మీద రెండు ముక్కలు గీకి, కింద పొట్టి సంతకం పెట్టి పంపేవారు. ఆ అట్టముక్కను కొంగుకు ముడి వేసుకుని మా బల్ల ముందుకు వచ్చిన ముసలమ్మలు నాకు ఇంకా గుర్తున్నారు. అర్హత ఉన్నా చీటీ లేక వెనక్కి వెళ్లినవాళ్లూ గుర్తున్నారు. ఆ తర్వాత 2011లో మీసేవ కేంద్రాలు వచ్చాయి. పథకాల సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడటం మొదలైంది. తెలంగాణలో రైతుబంధు డబ్బు పడినట్టు రైతు ఫోనుకే సందేశం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 ఎన్నికల వరకు సుమారు యాభై ఇళ్లకొకరు చొప్పున వాలంటీర్లు పింఛను డబ్బును గుమ్మం దగ్గరికే తెచ్చి ఇచ్చారు. జనానికీ తమకూ మధ్య ఉన్న తాడు తెగిపోయిందనీ, తమ ఇంటికి వచ్చి అడిగేవాడు లేకుండా పోయాడనీ గ్రామ స్థాయి కార్యకర్తలు, నాయకులు బాహాటంగా వాపోయారు. ఇందులో ఏ పార్టీని మెచ్చుకోవడంగాని, తప్పుపట్టడంగాని నా ఉద్దేశం కాదు. ఆ అమెరికన్ యువకుడు నవలలో చెప్పిన మాట మన పల్లెల్లో అరవై ఏళ్లు దాటాక వినిపిస్తోందని మాత్రం చెబుతున్నాను. అట్టముక్క అవసరం తీరిపోవడం మంచిదే. అయితే ఖాతాలో డబ్బు పడకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక, వేలిముద్ర పడక, తెర మీది అక్షరాలు చదవలేక తిరిగే మనిషికి ఇప్పుడు పాత కౌన్సిలరు వాకిలి కూడా లేదు. ఈ రెండు నిజాల మధ్య నలుగుతున్న ముసలి నాయకుడి కథ మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఉందో లెక్కలేదు.

మీరు రాస్తున్నవి ఎక్కువగా మాజీ ముఖ్యమంత్రుల కథలు. 2019 ఎన్నికలకు ముందు కొన్ని నెలల్లోనే అలాంటి సినిమాలు వరుసగా వచ్చాయి. వాటిలో నాయకుడు ఎవరి ఇష్టాన్నిబట్టి దేవుడో, మోసపోయిన అమాయకుడో అవుతాడు. సొంత పేర్లతో తీసేటప్పుడు కుటుంబాలు, పార్టీలు, కోర్టు కేసులు, సెన్సారు అన్నీ మెడ మీద కూర్చుంటాయని నాకు తెలియకపోలేదు. ఓకానర్ పేరు మార్చి, ఊరి పేరు తీసేసి, ఆ స్వేచ్ఛతో లోతుకు వెళ్లాడు. అయినా కర్లీకి మొదట కోపం వచ్చింది. తర్వాత జనం ఆ పాత్రను ప్రేమించడం చూసి తానే స్కెఫింగ్టన్‌నని సభల్లో చెప్పుకున్నారు, 1957లో ఆత్మకథ కూడా రాశారు. అదే మనిషి సినిమా తీసిన సంస్థ మీద దావా వేసి, రాజీలో డబ్బు పుచ్చుకున్నారు. ఆ సినిమా విడుదలైన నెల తిరగకుండానే, 1958 నవంబరులో కన్నుమూశారు. కాబట్టి పేరు మార్చినంత మాత్రాన చిక్కులు తప్పవు. కాని పేరు మార్చిన కథలో నిజం చెప్పే వీలు దొరుకుతుంది, సొంత పేరుతో తీసిన కథలో ఆ వీలు కూడా ఉండదు.

ఇంకో లోటు కూడా ఇక్కడే చెప్పాలి. నవలలోగాని, సినిమాలోగాని భార్య పటంలో ఉంటుంది, విధవరాలు కుర్చీలో కూర్చుని ఏడుస్తుంది, అంతకు మించి ఆడవాళ్లకు పని లేదు. ఆనాటి ఆ నగరానికి అది నిజమే కావచ్చు. మన స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు ఉన్నాయి. మొదట్లో భర్త చాటున సంతకాలు పెట్టి, తర్వాత భర్తను పక్కన కూర్చోబెట్టి తానే పంచాయతీ నడిపి, ఇప్పుడు అరవై దాటిన సర్పంచులు ఉన్నారు. వాళ్ల చివరి ఎన్నిక కథ ఎవరు రాస్తారు?

చివరగా ఒక దృశ్యం గురించి గట్టిగా అడగాలి. మన సినిమాల్లో పెద్ద నాయకుడు మరణశయ్య మీద పశ్చాత్తాపపడి తీరాలి, లేదా చెయ్యెత్తి జనానికి సందేశం ఇచ్చి కళ్లు మూయాలి. స్కెఫింగ్టన్ మంచం మీద కదలకుండా పడి ఉండగా, మేనల్లుడి మామగారు, ఆయనను జీవితమంతా అసహ్యించుకున్న పెద్దమనిషి, అందరూ వినేలా ఒక మాట అంటాడు. ఇప్పుడు తెలిసినదంతా అప్పుడే తెలిసి ఉంటే ఈయన తన బతుకును వేరేగా దిద్దుకునేవాడు అన్నది దాని సారాంశం. అందరూ స్పృహ లేదనుకున్న మనిషి కళ్లు తెరిచి, చస్తే దిద్దుకోనని తెగేసి చెబుతారు. సినిమాలోనూ దీన్ని మార్చలేదు, ఫోర్డ్‌ను అందుకు మెచ్చుకోవాలి. ఆ సమాధానం సరైనదో కాదో తేల్చే పని పాఠకుడిది. నాకైతే ఆ మాట విన్నప్పుడల్లా చీటీ లేక వెనక్కి వెళ్లినవాళ్లు గుర్తుకొచ్చి కోపం వస్తుంది, గెర్ట్ చేతిలో పెట్టిన సొమ్ము గుర్తుకొచ్చి ఆ కోపం నిలవదు. మీ కథానాయకుడి చేత క్షమాపణ చెప్పించి ప్రేక్షకుడికి ఈ ఇబ్బంది తప్పించకండి.

మీలో ఎవరైనా ఈ నవల హక్కులు తీసుకుని తెలుగులోకి మలచాలనుకుంటే, లేదా ఇదే తరహా కథను మన జిల్లాల్లో ఏదో ఒక పట్టణంలో పెట్టి సొంతంగా రాయాలనుకుంటే, నిడివి ఎక్కువైందని నిర్మాత అడిగిన రోజున ఊరేగింపులో ఒక నిమిషం కోయండి, పాటలో రెండు చరణాలు కోయండి. పింఛను ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో చెప్పే ఆ సంభాషణను మాత్రం కోయవద్దని మనవి.

భవదీయుడు,
విశ్రాంత పురపాలక ఉద్యోగి, మీ ప్రేక్షకుడు